హెరాల్డ్ వెనక చక్రం మోత: బేరింగ్ మార్చినా మళ్లీ అదే కథ, షాఫ్ట్ చూడాలా?

గోదారి_హెరాల్డ్ (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1966 స్టాండర్డ్ హెరాల్డ్ కారు. రెండు తలుపులది, 948 సీసీ. ఇప్పుడు నా దగ్గరే ఉంది, ఆదివారాలు ధవళేశ్వరం బ్యారేజీ దాకా తిప్పుతుంటాను. కుడి వెనక చక్రం దగ్గర స్పీడు 40 దాటగానే ఒక మోత మొదలవుతుంది. బండి ఎడమకు తిప్పితే పెరుగుతుంది, కుడికి తిప్పితే దాదాపు వినపడదు. దీనికి తోడు, క్లచ్ వదిలి బండి కదిలేటప్పుడు వెనకనుంచి ఒక "టక్".

పోయిన ఏడాది ఇక్కడ ఒక షెడ్‌లో హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగ్ మార్పించాను. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ అదే మోత. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోంది. "ఈ బండ్లు ఇంతే సార్, అంబాసిడర్ యాక్సిల్ ఎక్కించేద్దాం" అంటున్నారు. నాకది ఇష్టం లేదు. బేరింగ్ నాసిరకమా, లేక రోగం ఇంకెక్కడైనా ఉందా?

పద్మిని_ప్రేమి (వరంగల్)

అంబాసిడర్ యాక్సిల్ ఎక్కించాక ఇంజిన్ కూడా అంబాసిడర్‌దే పెట్టమంటారు. ఆ తర్వాత బాడీ కూడా. చివరికి మీ ఇంటి ముందు అంబాసిడర్ ఉంటుంది, ఆర్‌సీలో మాత్రం హెరాల్డ్ అని ఉంటుంది. ఒప్పుకోకండి అన్నా.

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)

బాబూ, మీరు చెప్పిన లక్షణాలు చూస్తే రెండు జబ్బులున్నాయి. మోత హబ్‌ది. టక్ యూజే (యూనివర్సల్ జాయింట్, షాఫ్ట్ వంగుతూ తిరగనిచ్చే కీలు) క్రాస్‌ది. రెండూ ఒకే షాఫ్ట్ మీదే ఉంటాయి కాబట్టి విప్పడం ఒకసారే.

ముందు ఈ బండి వెనక భాగం ఎలా ఉంటుందో తెలియాలి. అంబాసిడర్‌లో యాక్సిల్ షాఫ్ట్ గొట్టం లోపల ఉంటుంది, బరువంతా గొట్టం మోస్తుంది. హెరాల్డ్‌లో గొట్టం లేదు. డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, రెండు పక్కలా రెండు షాఫ్టులు ఊగుతుంటాయి. పైన అడ్డంగా ఒకటే కమాన్ కట్ట. అంటే ఆ షాఫ్ట్ చక్రాన్ని తిప్పడమే కాదు, చక్రం లోపలికీ బయటికీ జరగకుండా పట్టుకునేది కూడా అదే. సస్పెన్షన్‌లో ఒక చెయ్యి అన్నమాట.

హబ్ దగ్గర రెండు బేరింగులుంటాయి. ఒకటి బాల్ బేరింగ్. రెండోది నీడిల్ బేరింగ్, అంటే సన్నటి రోలర్లది. మీ షెడ్ వాళ్లు మార్చింది బాల్ బేరింగ్ ఒక్కటే అయి ఉంటుంది. నీడిల్ బేరింగ్‌కి లోపలి రింగు ఉండదు, రోలర్లు నేరుగా షాఫ్ట్ మీదే తిరుగుతాయి. గ్రీజు అందకపోతే అరిగేది షాఫ్టే. షాఫ్ట్ అరిగాక ఎంత మంచి బేరింగ్ పెట్టినా, అరిగిన రుబ్బురోల్లో కొత్త పొత్రం వేసినట్టే.

విప్పకముందే ఒక పరీక్ష చేయండి. బండిని స్టాండ్ల మీద పెట్టి ఒకరు చక్రం ఊపుతుంటే, మరొకరు కింద పడుకుని చూడాలి. చక్రం, హబ్ మాత్రమే ఆడి లోపలి హౌసింగ్ (బేరింగులు కూర్చునే పెట్టె) కదలకపోతే బేరింగ్ పోయినట్టు. హౌసింగ్ కూడా కలిసి ఆడుతుంటే కింది బుష్‌లూ, కమాన్ చివర బుష్‌లూ చూసుకోవాలి. బుష్ అరిగిన బండికి బేరింగులు మార్చి డబ్బు పోగొట్టుకున్న వాళ్లను చాలామందిని చూశాను. యూజే కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే క్రాస్ ఎండిపోయినట్టే, ఇంకేం చూడక్కర్లేదు.

గోదారి_హెరాల్డ్

బాబాయ్ గారూ, చాలా థ్యాంక్స్. చూశాను. హౌసింగ్ కదలడం లేదు, హబ్ ఆడుతోంది. కుడివైపు యూజే దగ్గర మీరన్న ఎర్ర పొడి ఉంది. ఎడమవైపు శుభ్రంగా ఉంది, మోత కూడా లేదు. కుడివైపు ఒక్కటే విప్పితే సరిపోతుందా?

విశాఖ_స్టాండర్డ్ (విశాఖపట్నం)

నాదీ హెరాల్డే, మార్క్ 3, నాలుగు తలుపులది. రెండువైపులా విప్పండి. ఒకవైపు షాఫ్ట్ 50 ఏళ్లు దాటిందంటే రెండోవైపుకీ అంతే వయసు కదా.

కొత్తవాళ్ల కోసం కాస్త చరిత్ర చెప్తాను. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ ఇంగ్లండ్ కారు ట్రయంఫ్ హెరాల్డ్‌ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో 1960లలో తయారుచేసింది. బాడీ గీసినది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. ఊగే షాఫ్టుల వెనక సస్పెన్షన్ మన రోడ్లకూ మన మెకానిక్కులకూ పెద్దగా రుచించలేదు. అందుకే 1972లో దీని తర్వాతి మోడల్ గజెల్ తెచ్చినప్పుడు అదే 948 ఇంజిన్ ఉంచి, వెనక మాత్రం మామూలు యాక్సిల్ పెట్టారు. కాబట్టి మీ షెడ్ వాళ్లు మరీ కొత్త మాటేమీ అనలేదు, కంపెనీ వాళ్లే ఆ పని చేశారు! అయినా హెరాల్డ్‌ని హెరాల్డ్‌గానే ఉంచాలన్నది నా మాట. ఆ సస్పెన్షన్ తీసేస్తే ఆ బండిలో ఇంకేముంది?

కొవెంట్రీ_కుర్రోడు (ఇంగ్లండ్)

నమస్తే. ఊరు గుంటూరు, ఉంటున్నది కొవెంట్రీలో, ఒకప్పుడు ట్రయంఫ్ ఫ్యాక్టరీ ఉండిన కాన్లీకి దగ్గర్లో. నాకు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 కారు ఉంది. వెనక భాగం ఇద్దరిదీ ఒకే కుటుంబం.

అసలు కష్టం హబ్ ఊడదీయడంలోనే వస్తుంది. షాఫ్ట్ చివర సన్నబడుతూ వెళ్తుంది, ఆ టేపర్ మీద హబ్ దిగబడి ఉంటుంది. ఏళ్ల తరబడి ఉండేసరికి రెండూ ఒకటైపోతాయి. మామూలు మూడు కాళ్ల పుల్లర్ పెడితే హబ్ రావడం పక్కన పెట్టండి, దాని అంచు వంగిపోతుంది. ఇక్కడ దీనికోసమే చేసిన బలమైన పుల్లర్ ఉంటుంది. చక్రం స్టడ్లకు బిగించి, మధ్య బోల్టు గట్టిగా తిప్పి, అలా వదిలేసి టీ తాగి రావాలి. అప్పటికీ రాకపోతే హబ్‌ని వేడిచేయాలి. షాఫ్ట్ చివరి నట్ పూర్తిగా తీయకండి, రెండు మూడు మరలు వదులుచేసి ఉంచండి. హబ్ పట్టు వదిలేటప్పుడు పెద్ద శబ్దంతో ఎగిరి వస్తుంది. ఎదురుగా మొహం పెట్టొద్దు.

షాఫ్ట్ చివర సుత్తితో మాత్రం కొట్టకండి. మర పాడవడం చిన్న విషయం, ఆ దెబ్బలన్నీ యూజే మీద పడతాయి.

ఆటోనగర్_బాబాయ్

పుల్లర్ లేకపోతే మొత్తం సెట్టు ఊడదీసి ప్రెస్ ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్లడం మేలు. మా ఆటోనగర్‌లో పెద్ద ప్రెస్సులున్న షెడ్లు బోలెడు. రాజమండ్రిలోనూ లారీ పని చేసే చోట ఉంటాయి.

ఊడదీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ బండిలో చక్రం మరీ కిందికి దిగకుండా ఆపేది షాక్ అబ్జార్బరే. హౌసింగ్ కింద జాకీ ఆనించకుండా షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీస్తే కమాన్ ఒక్కసారిగా కిందికి తన్నుతుంది. జాకీ పెట్టి కాస్త బరువు తీసుకోండి, అప్పుడు బోల్టు తీయండి, ఆ తర్వాత జాకీ మెల్లగా దించండి. డిఫరెన్షియల్ ఫ్లాంజ్ దగ్గర 4 బోల్టులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, బ్రేక్ పైపు, రేడియస్ ఆర్మ్, కమాన్ చివర బోల్టు. ఇవి విప్పితే షాఫ్టూ హౌసింగూ కలిసి చేతికొస్తాయి. మట్టి తీసి బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి.

గోదారి_హెరాల్డ్

రెండు వైపులా ఊడదీశాం. లారీల షెడ్‌లో ప్రెస్ మీద హబ్‌లు తీయించాను. ఎడమది తొందరగానే వచ్చింది. కుడిదానికి గ్యాస్ పెట్టాల్సి వచ్చింది. ఫోటోలు పెట్టాను చూడండి.

కుడి షాఫ్ట్: నీడిల్ బేరింగ్ తిరిగే చోట చుట్టూ గాడి పడింది. గోరుతో గీస్తే తగులుతోంది, అక్కడక్కడా పొక్కులు లేచినట్టు గుంటలున్నాయి. నీడిల్ బేరింగ్‌లో గ్రీజు ఎండి నల్లటి పిండిలా ఉంది. పోయిన ఏడాది దాన్ని ముట్టుకున్నట్టే లేదు.

ఎడమ షాఫ్ట్: ఆ చోటు మెరుస్తోంది, గాడి లేదు.

లేత్ అబ్బాయి "గాడిలో వెల్డింగ్ నింపి మళ్లీ సైజుకు తిప్పుతా, సాయంత్రానికల్లా ఇస్తా" అంటున్నాడు. ఇవ్వమంటారా?

రైతు_వీల్స్ (కరీంనగర్)

ఇచ్చేయండి. మా ట్రాక్టర్ షాఫ్ట్‌కి వెల్డింగ్ పెట్టి తిప్పించాం, ఏళ్లుగా నడుస్తోంది. మరీ అంత భయమెందుకు? మన దేశంలో ఇలాగే కదా బండ్లు నడిచింది.

మైక్రోమీటర్ (సికింద్రాబాద్)

దయచేసి ఇవ్వకండి. నేను మెకానికల్ ఇంజనీర్‌ని, షాఫ్టులు విరిగితే ఎందుకు విరిగాయో చూడటమే నా ఉద్యోగం.

రైతు_వీల్స్ గారూ, మీ ట్రాక్టర్ షాఫ్ట్ ఎలాంటి లోడు మోస్తుందో నాకు తెలియదు కానీ, హెరాల్డ్ షాఫ్ట్ సంగతి వేరు. బాబాయ్ గారు చెప్పినట్టు ఇక్కడ బరువు మోసే గొట్టం లేదు. చక్రం బేరింగ్‌కి బయట వేలాడుతుంటుంది, బండి బరువు ఆ షాఫ్ట్‌ని వంచుతుంటుంది. షాఫ్ట్ తిరుగుతుంది కాబట్టి ఇప్పుడు కింద సాగిన భాగం అర చుట్టు తర్వాత పైన నలుగుతుంది. 13 అంగుళాల చక్రానికి కిలోమీటరుకు దాదాపు 550 చుట్లు. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండికి ఐదున్నర కోట్ల సార్లు అలా ఇటూ అటూ వంగినట్టు. ఇలా అలసిపోయిన ఉక్కు మీద వెల్డింగ్ పెడితే, ఆ వేడికి పక్కనున్న పొర పెళుసెక్కుతుంది. కంటికి కనపడని పగులు అక్కడే పుడుతుంది. అది విరిగితే హబ్బూ డ్రమ్మూ చక్రంతో సహా బండిని వదిలి వెళ్లిపోతాయి. ఆ చక్రానికి బ్రేక్ కూడా ఉండదు.

ఇంకొకటి. రోలర్లు తిరిగే చోటు చాలా గట్టిగా ఉండాలి. మామూలు వెల్డింగ్ రాడ్‌తో నింపిన లోహం మెత్తన. గాడి మళ్లీ పడుతుంది.

రైతు_వీల్స్

సరే సార్, మెత్తబడే మాట నిజమే. మరి హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత)? బాలానగర్‌లో హైడ్రాలిక్ రాడ్లకు చేస్తారు కదా.

మైక్రోమీటర్

మంచి ప్రశ్న. గాడి చాలా తక్కువ లోతు ఉంటే గ్రైండ్ చేసి, హార్డ్ క్రోమ్ వేసి, మళ్లీ గ్రైండ్ చేసి సైజుకు తేవచ్చు. వెల్డింగ్ కన్నా నయం. కానీ క్రోమ్ కూడా షాఫ్ట్ అలసట తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. ప్లేటింగ్ చేస్తున్నప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. పని అవగానే ఓవెన్‌లో పెట్టి దాన్ని వెళ్లగొట్టకపోతే గట్టి ఉక్కు పెళుసవుతుంది. చాలా షాపుల్లో ఆ ఓవెన్ పని చేయరు, అడిగితే మనవైపు వింతగా చూస్తారు. గోదారి గారి ఫోటోలో ఉన్న గుంటలు క్రోమ్‌తో సర్దుకునేవి కావు. ఆ షాఫ్ట్ పని అయిపోయింది.

సన్నగా తిప్పి తొడుగు వేస్తామని కూడా అంటారు. షాఫ్ట్ సన్నబడితే బలం ఇంకా తగ్గుతుంది. వద్దు.

ఎడమ షాఫ్ట్ బాగుంది కదా అని అలాగే ఎక్కించకండి. రెండింటికీ పగుళ్ల పరీక్ష చేయించండి. డి.పి. (డై పెనెట్రంట్) టెస్ట్ అంటే ఏ ఇండస్ట్రియల్ ఏరియాలోనైనా చేస్తారు. శుభ్రం చేసి ఎర్ర రంగు పూసి, కాసేపు ఉంచి తుడిచి, తెల్ల పొడి స్ప్రే చేస్తారు. పగులుంటే తెలుపు మీద ఎర్ర గీత తేలుతుంది. ముఖ్యంగా టేపర్ దగ్గర, చాబీ (హబ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య దిగే చిన్న ఇనుప ముక్క) గాడి మూలల్లో చూడమనండి. ఈ షాఫ్టులు విరిగేది ఎక్కువగా అక్కడే.

పద్మిని_ప్రేమి

మా ఫియట్‌కి గొట్టం యాక్సిలే. ఈ థ్రెడ్ చదివాక దాన్ని ఒకసారి ముద్దు పెట్టుకోవాలనిపిస్తోంది.

గోదారి_హెరాల్డ్

కాకినాడలో టెస్ట్ చేయించాను. కుడి షాఫ్ట్‌లో గాడి, గుంటలు తప్ప పగులు లేదు. ఎడమ షాఫ్ట్‌లో, అంటే ఏ చప్పుడూ చేయని బాగున్న షాఫ్ట్‌లో, చాబీ గాడి చివర నుంచి టేపర్ చుట్టూ సగం అంగుళం ఎర్ర గీత వచ్చింది. టెస్ట్ చేసిన ఆయన భూతద్దం పెట్టి నాకు చూపించారు. ఫోటో కింద ఉంది.

ఇంట్లో ఈ విషయం ఇంకా చెప్పలేదు. మొన్న సంక్రాంతికి నలుగురం ఇదే బండిలో అన్నవరం వెళ్లొచ్చాం.

మైక్రోమీటర్

ఫోటో చూశాను. ఆ గీత దగ్గరే విరిగేది. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు.

ఇలా ఎందుకవుతుందంటే, హబ్‌ని తిప్పేది చాబీ కాదు, టేపర్ల పట్టు. నట్ సరిగా బిగించకపోతే పట్టు సడలి, హబ్ టేపర్ మీద కనపడనంతగా కదులుతుంది. అప్పుడు లోడంతా చాబీ మీద పడుతుంది, గాడి మూలలో పగులు మొదలవుతుంది. మీ ఎడమ హబ్ తొందరగా ఊడిందన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం వచ్చింది. టేపర్ మీద గోధుమరంగు మచ్చలున్నాయా?

గోదారి_హెరాల్డ్

ఉన్నాయి సార్. కుడిదాని మీద లేవు.

కొవెంట్రీ_కుర్రోడు

అయితే రెండూ కొత్తవే కావాలి. ఇక్కడ కాన్లీ క్లాసిక్స్, రిమ్మర్ బ్రదర్స్ లాంటి చోట్ల ఈ కుటుంబం బండ్ల సామాను దొరుకుతుంది. ఆర్డర్ ఇచ్చేముందు కొలతలు తీసుకోండి. షాఫ్ట్ పొడవు, బేరింగ్ దగ్గర మందం, ఫ్లాంజ్ బోల్టు రంధ్రాల దూరం, యూజే కప్పు సైజు. 1973 నుంచి స్పిట్‌ఫైర్ షాఫ్టులు ఒక్కోటి ఒక అంగుళం పొడుగు చేశారు. అవి చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మీకు పనికిరావు. 948కీ ఆ తర్వాతి పెద్ద ఇంజిన్ల బండ్లకూ తేడాలు ఉండొచ్చు, కాబట్టి "హెరాల్డ్ షాఫ్ట్" అని మాత్రమే చెప్పి తెప్పించుకోకండి. వాడిన షాఫ్టులు చవగ్గా వస్తాయి కానీ మీకు ఇప్పుడు జరిగింది చూశాక అవి కొనమని నేను చెప్పను.

కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. షాఫ్టులు బరువు. ఎవరైనా ఇక్కడినుంచి వస్తుంటే లగేజీలో పెట్టడం మేలు. మా అత్తగారు వచ్చే నెల గుంటూరు తిరిగెళ్తున్నారు. అడిగి చూస్తాను, మాట మాత్రం ఇవ్వలేను, ఆవిడ పచ్చడి సీసాలకే చోటు చాలదు. అవి ఇటు వచ్చేటప్పుడు లెండి, తిరిగి వెళ్లేటప్పుడు చాక్లెట్లు.

విశాఖ_స్టాండర్డ్

బేరింగులూ సీళ్లూ ఇంగ్లండ్ నుంచి తెప్పించక్కర్లేదు. పాత బేరింగ్ రింగు మీద నంబరు ఉంటుంది. అది పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగ్ షాపులు తిరిగితే మంచి కంపెనీది దొరుకుతుంది. నంబరు చెరిగిపోతే వెర్నియర్‌తో కొలిచి చెప్పినా ఇస్తారు. డబ్బా మీద కాదు, బేరింగ్ మీద పేరు చూడండి. నకిలీ డబ్బాలు చాలా ఉన్నాయి. మద్రాసు పుదుపేటలో పాత హెరాల్డ్ సామాను ఒకప్పుడు గుట్టలుగా ఉండేది, ఇప్పుడు అదృష్టం ఉంటేనే.

గోదారి_హెరాల్డ్

షాఫ్టులు వచ్చాయి. కుర్రోడు గారి అత్తగారికి శతకోటి వందనాలు. ఎయిర్‌పోర్టులో ఆ ఇనుప కడ్డీలు ఏంటని అడిగితే ఆవిడ "మా అల్లుడి కారు ఎముకలు" అన్నారట. రాణిగంజ్ నుంచి రెండు బాల్, రెండు నీడిల్ బేరింగులు, సీళ్లు తెచ్చాను. బిగించేముందు ఏం చూసుకోవాలి?

ఆటోనగర్_బాబాయ్

హౌసింగ్‌ని కిరోసిన్‌తో కడిగి, లోపల పాత గ్రీజు ముక్క లేకుండా చూడు. పాత నీడిల్ బేరింగ్ తీయకముందే అది ఎంత లోతులో ఉందో కొలిచి రాసుకో. కొత్తది అంతే లోతుకు దిగాలి. నంబరు రాసి ఉన్న వైపు నుంచే ప్రెస్ చేయాలి, ఆ వైపు రేకు మందంగా ఉంటుంది. సుత్తితో నేరుగా కొడితే రేకు నలిగి రోలర్లు బిగుసుకుంటాయి. బాల్ బేరింగ్‌ని షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే నొక్కాలి, బయటి రింగు మీద నొక్కితే గోళీల ద్వారా దెబ్బ తగిలి ఎక్కకముందే పాడవుతుంది.

యూజే బిగించేటప్పుడు కప్పులో ఒక్క రోలర్ అడ్డం పడినా కప్పు పూర్తిగా దిగదు, సర్‌క్లిప్ గాడిలో కూర్చోదు. బలవంతంగా కొట్టకుండా తీసి చూడు. బిగించాక క్రాస్ రెండు వైపులా చేతితో సాఫీగా కదలాలి.

హబ్ ఎక్కించే ముందు టేపర్ రెండు పక్కలా పూర్తిగా పొడిగా, శుభ్రంగా ఉండాలి. గ్రీజు రాయకు. పాత హబ్ లోపల మచ్చలుంటే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు పెట్టి షాఫ్ట్ మీద కాస్త తిప్పి, పట్టు ఎంతమేర తగులుతోందో చూడు. తర్వాత పేస్టు ఆనవాలు లేకుండా కడుగు. కొత్త నట్ వాడు. టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించు, "చేతి లెక్క" వద్దు. కొంత దూరం తిరిగాక మళ్లీ ఒకసారి చూడు.

మైక్రోమీటర్

ఎడమ హబ్ టేపర్‌లో మచ్చలు లోతుగా ఉంటే పేస్టుతో సరిపెట్టకండి, హబ్ కూడా మార్చండి. కొత్త షాఫ్ట్‌ని పాత హబ్ పాడుచేస్తుంది. హబ్‌లకూ అదే డి.పి. టెస్ట్ చేయించండి, పెద్ద ఖర్చు కాదు.

విశాఖ_స్టాండర్డ్

కమాన్ చివర రబ్బరు బుష్ బోల్టు చక్రం వేలాడుతుండగా బిగించొద్దు. బండి కిందికి దించి, దాని బరువు మీద నిలబెట్టి అప్పుడు బిగించండి. లేకపోతే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది.

గ్రీజు విషయం కూడా. హౌసింగ్‌కి ఒక చిన్న ప్లగ్ ఉంటుంది. అది తీసి నిపుల్ పెట్టి, గ్రీజు కొట్టి, మళ్లీ ప్లగ్ పెట్టాలి. ఆ ప్లగ్ బురద కింద దాక్కుంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కుడి షాఫ్ట్ అరగడానికి అసలు కారణం అదే అయి ఉంటుంది. అలాగని గన్‌తో పొంగేదాకా కొట్టకండి. ఎక్కువైన గ్రీజు సీల్ దాటి బ్రేక్ షూల మీదికి వస్తుంది.

గోదారి_హెరాల్డ్

ఎడమ హబ్ లోపల మచ్చలు లోతుగానే ఉన్నాయి. పుదుపేటలో ఒకటి దొరికింది, టెస్ట్ చేయించి పెట్టాను. రెండువైపులా బిగించి, బ్రేకుల్లో గాలి తీయించి, బ్యారేజీ మీదుగా రావులపాలెం దాకా వెళ్లొచ్చాను. మోత లేదు, టక్ లేదు. డ్రమ్ములు చేత్తో ముట్టుకుంటే రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. నట్లు మళ్లీ చూశాను, కదల్లేదు.

ఇంట్లో పగులు విషయం చెప్పేశాను. పాత షాఫ్ట్ కూడా చూపించాను. ఖర్చు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

రైతు_వీల్స్

సంతోషం అన్నా. నేను కూడా మా ట్రాక్టర్ షాఫ్ట్‌ని ఆ ఎర్ర రంగు టెస్ట్‌కి ఇస్తున్నా. కరీంనగర్‌లో ఎక్కడ చేస్తారో ఎవరికైనా తెలుసా?

మైక్రోమీటర్

ఇంజిన్ హెడ్లు, క్రాంక్ షాఫ్టులు గ్రైండ్ చేసే పెద్ద షాపుల్లో అడగండి. లేకపోతే మూడు స్ప్రే డబ్బాల కిట్ కొని మీరే చేసుకోవచ్చు. గ్రీజు, పెయింట్ పూర్తిగా పోయేలా కడగడం ముఖ్యం, లేకపోతే పగులున్నా కనపడదు. వెల్డింగ్ అంచు చుట్టూ జాగ్రత్తగా చూడండి. ఫోటో ఇక్కడ పెట్టండి.

విశాఖ_స్టాండర్డ్

గోదారి గారూ, మీ పాత కుడి హబ్, షాఫ్ట్ పారేయకండి. పుల్లర్ ఒకటి చేయించాలనుకుంటున్నాను, స్టడ్ల కొలతకు నమూనా కావాలి. కొరియర్ ఖర్చు నాది.

గోదారి_హెరాల్డ్

హబ్ బండి మీదే ఉంది సార్, అది బాగానే ఉంది. మచ్చలు పడ్డ ఎడమ హబ్ పంపిస్తాను, స్టడ్ల కొలత ఒకటే కదా. పుల్లర్ తయారయ్యాక ఒకటి నాకు కూడా చేయించండి, డబ్బు ముందే పంపుతాను.